ఐదో తీగ కోసం పల్నాడు

పల్నాడు వెళ్ళొచ్చానని తెలియగానే మా రాజమండ్రిలో అందరూ నన్ను రెండే ప్రశ్నలడిగారు. కారం తట్టుకున్నారా అన్నది మొదటిది. అసలెందుకు వెళ్ళారన్నది రెండోది. మొదటిదానికి జవాబు తేలిక, తట్టుకోలేదు. రెండోది చెప్పాలంటే మాత్రం కాస్త కూర్చోవాలి.

నేను ఒక పాటకచ్చేరి పార్టీలో బేస్ గిటారు వాయిస్తాను. మామూలు గిటారుకి ఆరు తీగలుంటే దీనికి నాలుగే, కానీ లావుపాటివి. పాట అడుగున దుం దుం అని వినిపించేది ఇదే. వినిపిస్తున్నంతసేపూ దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం పాటలో ఏదో పోయిందని అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. ఏళ్ళ తరబడి నేను ఇలా ఎవరూ పట్టించుకోకుండా హాయిగా బతికాను.

ఈమధ్య మా పార్టీ యజమాని వెంకటరత్నం గారు ఒక కీబోర్డు కొన్నారు. దాన్ని వాయించే సుధాకర్ కుడిచేత్తో వేణువు, వయొలిన్లు పలికిస్తూ, ఎడమచేత్తో నా దుం దుం కూడా తనే లాగించేస్తున్నాడు. పైగా ఇప్పటి సినిమా పాటల్లో అడుగు స్వరాలు నా గిటారుకి అందనంత కిందికి పోతున్నాయి.

"నీ నాలుగు తీగలూ అక్కడిదాకా దిగట్లేదు కదోయ్. వాడి ఎడమచెయ్యి దిగుతోంది" అన్నారు వెంకటరత్నం గారు.

శివరాత్రికి కోటప్పకొండ దగ్గర మా కచ్చేరి ఒకటి కుదిరింది. అది అయ్యాక బేస్ గిటారు మనిషి పార్టీలో ఉండాలో వద్దో తేలుస్తానన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. వ్యానులో ఒక సీటూ, విస్తరి ముందు ఒక మనిషీ తగ్గుతారు.

మద్రాసులో ఒకసారి ఐదు తీగల బేస్ చూశాను. మామూలు నాలుగింటికీ తోడు, వాటన్నిటికంటే లావైన తీగ ఇంకొకటి. అది మోగితే నేను కూర్చున్న బెంచీ కూడా మోగింది. అలాంటిది నా చేతిలో ఉంటే సుధాకర్ ఎడమచెయ్యి సంగతి తేల్చుకోగలను. కానీ దాన్ని విదేశాల నుంచి ఎవరైనా తెస్తే తప్ప మనకి దొరకదు.

ఆ కచ్చేరి మాట్లాడుకోవడానికి పల్నాడు నుంచి వచ్చిన కోటయ్య గారి దగ్గర ఈ బాధ వెళ్ళబోసుకుంటే ఆయన తాపీగా చుట్ట వెలిగించుకుని అన్నారు.

"ఐదు తీగలదా? మాచర్లలో మా జోసెఫ్ మేష్టారి కాడ ఉంది. నా కళ్ళారా లెక్కబెట్టా."

ఇంకేం కావాలి? పార్టీ కంటే నాలుగు రోజులు ముందే గిటారు భుజాన వేసుకుని రైలెక్కేశాను.

నరసరావుపేట

మా వైపు టీకొట్టు ముందు నిలబడితే "రండి బాబూ, కూర్చోండి, ఏం పుచ్చుకుంటారు" అన్నాకే పాలు పొయ్యి మీదికెక్కుతాయి. నరసరావుపేట స్టేషను బయట టీకొట్టాయన నన్ను చూసి "ఏంది?" అన్నాడు. అంతే. నేను ఏదో తప్పు చేశాననుకున్నాను. "టీ అండి" అన్నాను చిన్నగొంతుతో. అర్ధరూపాయికి గ్లాసు నిండా ఇచ్చాడు. సగం తాగానో లేదో, నేను అడక్కుండానే ఇంకాస్త ఒంపి, "దూరం నించి వచ్చినట్టున్నావ్, తాగు" అన్నాడు. ఆ రోజు నుంచి "ఏంది" అన్న మాటంటే నాకు భయం పోయింది.

కోటయ్య గారి పల్లె అక్కడికి దగ్గరే. వెళ్ళగానే నన్ను నేరుగా ప్రభ కడుతున్న చోటికి తీసుకెళ్ళారు. ప్రభలు మా కోనసీమలోనూ ఉన్నాయి. మనుషులు భుజాల మీద మోసుకుంటూ పొలాలకు అడ్డంపడి పరుగెత్తుతారు. ఇక్కడి ప్రభని ఏ భుజమూ మొయ్యలేదు. చక్రాల బండి మీద తాడిచెట్టుని మించిన ఎత్తుకి వెదుళ్ళతో చట్రం కట్టి, రంగుగుడ్డలు, అద్దాలు, చిరుగంటలు కుట్టి, నిండా కరెంటు బల్బులు బిగిస్తారు. దాన్ని కొండ కిందికి లాక్కెళ్ళి శివరాత్రికి నిలబెడతారు. ప్రభ మొదట్లోనే బల్లలు పరిచి పాటలకు వేదిక. అలా ఊరికొక ప్రభ, ప్రభకొక కచ్చేరి, అన్నీ పక్కపక్కనే.

"అన్నీ ఒకేసారి పాడతాయా?" అని అడిగాను అనుమానంగా.

"మరి? వాళ్ళు ఆపిందాక మనం ఆగాలా?" అన్నారు కోటయ్య గారు. అక్కడున్న వాళ్ళంతా ఆ ప్రశ్న అడిగినందుకు నన్ను జాలిగా చూశారు. ఏటా పక్కూరి ప్రభ కంటే తమది ఒక వెదురైనా ఎత్తుండాలి, తమ ముందు జనం ఎక్కువుండాలి. పోయిన ఏడు జనమంతా పక్కూరి వైపే నిలబడ్డారట.

గురజాల

మాచర్లకి గురజాల మీదుగా వెళ్ళాను. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా గిటారు సంచిని మోకాలితో తట్టి చూసింది.

"ఏంది నాయనా ఇది?"

"గిటారండి."

"దాని మీద వచ్చిందా గొడవ?"

"గొడవేం లేదండి."

"గొడవ లేకుండా గురజాల ఎందుకు పోతన్నావ్?"

గురజాలలో కోర్టుంది. ఆ బస్సులో సగం మంది వాయిదాలకి వెళ్తున్నవాళ్ళే. ఆవిడకీ మరిదికీ పొలం గట్టు దగ్గర తగాదా అట. ఎన్నేళ్ళ నుంచి అంటే, కేసు వేసినప్పుడు పుట్టిన దూడ ఇప్పుడు ముసలిదైపోయింది అంది. పాపం అనుకుంటూ ఉండగానే, చేతిలోని వేయించిన వేరుశనక్కాయలు ముందు సీట్లో ఉన్నాయన భుజం మీదుగా అందించింది. ఆయన వెనక్కి తిరక్కుండానే తీసుకున్నాడు.

"ఆయనెవరండి?"

"మా మరిది. పోయిన వాయిదాకి టిక్కెట్లు నేను తీసుకున్నా, ఈసారి వాడిది" అంది.

మా వైపు దావా పడితే ఒకరి వీధిలోంచి ఒకరు నడవరు. ఇక్కడ కోర్టులో గట్టు కోసం నిలబడతారు, బస్సులో శనక్కాయలు పంచుకుంటారు. ఏది మేలో తేల్చడం నా పని కాదు గానీ ఆ శనక్కాయలు మాత్రం చాలా బావున్నాయి. గిటారు వాయించి వినిపించమని వదినా మరిదీ కలిసి అడిగారు. కరెంటు లేకపోతే సరిగ్గా వినపడదని చెప్పాను.

"మా బోరు మోటారు లాగానే" అన్నాడు మరిది, బస్సెక్కిన తర్వాత మొదటిసారి నోరు విప్పి.

మాచర్ల

గురజాల నుంచి చిన్న రైలు. రెంటచింతల దాటుతుంటే కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి పెట్టెలో నేనొక్కణ్ణే తుమ్మాను. మాచర్లలో దిగాక ఎటు చూసినా నాపరాళ్ళు. మా వైపు కొబ్బరాకుల దడి ఉండే చోట ఇక్కడ రాతిపలకలు వరసగా పాతేస్తారు. నేలకి రాయి, అరుగుకి రాయి, స్నానాలగది గోడ కూడా రాయే.

జోసెఫ్ మేష్టారు బడిలో లెక్కలు చెబుతారు, ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తారు. కోటయ్య గారి పేరు చెప్పగానే లోపలికి తీసుకెళ్ళి, ముఖమల్ గుడ్డలో చుట్టిన గిటారుని రెండు చేతులతో తెచ్చారు. గుడ్డ విప్పారు.

ఐదు తీగలున్నాయి. మాట నిజమే. కానీ అది బేస్ కాదు. మామూలు ఆరు తీగల గిటారే. ఆరోది తెగిపోయింది.

"ఇదీ... ఒక తీగ లేదు కదండి" అన్నాను.

"అది తెగి మూడు క్రిస్మస్‌లు అయిందయ్యా. ఇంతవరకూ ఎవురూ కనుక్కోలా" అన్నారాయన సంతోషంగా. తర్వాత నా మొహం చూసి విషయం అర్థమై, పాపం ఆయనే ఎక్కువ బాధపడ్డారు. అంత దూరం నుంచి వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపడం ఇష్టంలేక, జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ పచ్చడి పెట్టించారు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. చెవుల్లోంచి వేడి వచ్చింది. బెల్లం ఉందా అని అడిగితే ఇంట్లో వాళ్ళు ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అన్నట్టు చూశారు.

నాకు నిజంగా దిగులు పట్టుకుంది. ఐదు తీగలది లేదు. నా చేతిలో ఉన్నది నాలుగు తీగలది. రాతి అరుగు మీద కూర్చుని దాన్నే వాయిస్తూ ఉంటే మేష్టారు పక్కన చేరారు. చాలాసేపు దాని తలకాయ వైపు చూశారు.

"ఇక్కడ ఖాళీ చానా ఉందే. ఇంకో తీగ పడుతుంది గదా?"

"తీగ కట్టాలంటే కీ కావాలి కదండి." కీ అంటే తీగని బిగించే మర.

ఆయన లేచి, స్క్రూడ్రైవర్ తెచ్చి, తన గిటారుకి తెగిన తీగ తాలూకు కీ ఊడదీసి నా చేతిలో పెట్టారు.

"తీగే లేనిదానికి కీ ఎందుకు? తీసుకుపో" అన్నారు.

మళ్ళీ నరసరావుపేట

సంగతి చెబితే కోటయ్య గారు కొంచెం కూడా నొచ్చుకోలేదు. "ఐదేగా ఉన్నాయి? నేను చెప్పింది అదేగా?" అన్నారు. ఇప్పుడు నాకు కావాల్సింది లావు తీగ అని చెబితే, "తీగ చుట్టేదానికి మన మస్తాన్ ఉన్నాడుగా" అని నన్ను సైకిలెక్కించారు.

మస్తాన్‌వలీది మోటార్ వైండింగ్ కొట్టు. పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లు తెస్తే, మాడిన రాగితీగ పీకేసి కొత్తది చుట్టి ఇస్తాడు. మనిషి లావు, గొంతు ఇంకా లావు. నేను సగం చెప్పకముందే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏడున్నర హార్స్‌పవర్ మోటారు చుట్టినోణ్ణి. తీగ మీద తీగ చుట్టడం ఒక పనా అన్నా? నువ్వు టీ తాగు."

బేస్ తీగ అంటే మధ్యలో గట్టి ఉక్కుతీగ, దాని మీద ఒత్తుగా చుట్టిన ఇంకో తీగ. మధ్యతీగ కోసం స్కూటర్ క్లచ్ వైరు తెచ్చాడు. దాని కొసన సీసపు గుండు ఒకటి ముందే ఉంటుంది. గిటారు తీగకి కూడా సరిగ్గా అక్కడే గుండు ఉండాలి. మాకిద్దరికీ పట్టలేని ఆనందం కలిగింది. మస్తాన్ దాని మీద రాగితీగ చుట్టాడు. ఎర్రగా, ఎండలో నగలా మెరిసింది. కీ కోసం గిటారు తలకాయకి చిల్లు పెట్టేముందు ఒకసారి విందామని, ఉన్న తీగ ఒకటి తీసి దాన్ని బిగించి, కొట్లో పాటలు వినే స్పీకరు పెట్టెకి గిటారు తగిలించాను. వేలికింద బ్రహ్మాండంగా ఊగుతోంది. పెట్టెలోంచి మాత్రం పక్కింట్లో ఎవరో నడుస్తున్నంత చప్పుడు వచ్చింది.

కాసేపటికి నాకు వెలిగింది. గిటారులో ఉండేది అయస్కాంతం. అది ఇనుము కదిలితేనే పలుకుతుంది. రాగి దానికి పట్టదు.

"నా రాగికి వంకపెట్టబాక" అన్నాడు మస్తాన్. పాత స్పీకర్లోంచి అయస్కాంతం తీసి తన రాగితీగకి ఆనించాడు. జారి పడింది. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ పడింది. "ఛా, ఇరవయ్యేళ్ళ నించి దీనికే గదరా నేను చాకిరీ చేసింది" అని అందరికంటే గట్టిగా తనే నవ్వాడు. ఎదురుగా ఎవరో ఇల్లు కడుతున్నారు. ఇనపచువ్వలు కట్టుకునే బైండింగ్ వైరు అక్కడినుంచి ఒక చుట్ట అడిగి తెచ్చి, రాగి విప్పేసి ఇనుము చుట్టాడు. నల్లగా, మోటుగా ఉంది. మీటగానే కొట్టులో నట్లు, బోల్టులు పోసిన డబ్బాలన్నీ గలగలమన్నాయి. నేను మస్తాన్‌ని కావిలించుకున్నాను.

తర్వాత చిల్లు. ఈ గిటారు నా పెళ్ళికి ముందు నుంచీ నాతో ఉంది. చిల్లు పెట్టాక పగిలిందంటే ఐదో తీగ సంగతి తర్వాత, ఉన్న నాలుగూ పోతాయి, మర్నాడు కచ్చేరికి చేతిలో ఏమీ ఉండదు. "పెట్టమంటావా?" అన్నాడు మస్తాన్, డ్రిల్లు పట్టుకుని. పెట్టమని చెప్పి అటు తిరిగి నిలబడ్డాను. పగల్లేదు. మేష్టారి కీ అందులో బిగిసింది. తీగలు ఆనే చోట, మోటార్లలో వాడే ఫైబరు పలక ముక్కని ఐదు గాట్లతో అరగదీసి అతికించాడు. నాలుగు తీగల జాగాలో ఐదు ఇరుక్కున్నాయి, రైలు పెట్టెలో జరిగి చోటిచ్చినట్టు.

"చిన్నపని ఉంది, నువ్వు పోయి అన్నం తినిరా" అని నన్ను వెనకాలే ఉన్న ఇంటికి పంపాడు. వాళ్ళమ్మ ఫాతిమాబీ గోంగూర మాంసం వడ్డించింది. నా కళ్ళల్లోంచి ధారలు కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగట్లేదు.

"అట్టా ఏడుస్తా తినకపోతే ఏందయ్యా" అంది.

"మానలేకపోతున్నానండి" అన్నాను. ఆవిడ ఇంకో గరిటె వేసింది.

తిరిగొచ్చి చూస్తే గిటారుకి నాలుగు తీగలే ఉన్నాయి. ఐదోది కొట్టు ముందు తాడు మీద, మోటారు చుట్టల పక్కన ఎండలో వేలాడుతోంది. తేనె రంగులో నిగనిగలాడుతోంది.

"వార్నీషు పెట్టా" అన్నాడు మస్తాన్ గర్వంగా. "చుట్టింది ఏదైనా సరే, వార్నీషులో ముంచకుండా నా కొట్టు దాటనివ్వను."

వైండింగు చేసినవాళ్ళకి అది ధర్మం. వార్నీషు పట్టకపోతే చుట్లు కదులుతాయి, మోటారు కాలుతుంది. కానీ తీగకి చుట్లు కదలాలి, లేకపోతే మోగదు. బిగించి మీటాను. మిగతా నాలుగూ పాడుతున్నాయి. ఐదోది "ధబ్" అని ఊరుకుంటోంది. జన్మలో ఎవర్నీ గట్టిగా ఒకమాట అనని నేను మస్తాన్‌ని నడిబజార్లో నానా మాటలూ అన్నాను, ఒక్కోదాని చివరా "అండి" తగిలించి. అతను నొచ్చుకోకపోగా, అండి అండి అంటూ తిడితే ఎంత బావుందో అని పక్క కొట్టువాళ్ళని కూడా పిలిచాడు. ఇంకోటి చుడదామంటే మర్నాడే శివరాత్రి, కొట్లన్నీ కట్టేస్తున్నారు. ఇక నా పని అయిపోయిందనే అనుకున్నాను.

కొండ కింద

శివరాత్రి మధ్యాహ్నానికి మా పార్టీ వ్యాను వచ్చింది. వెంకటరత్నం గారు నా గిటారు వైపు చూసి, "ఇదేవిటోయ్, తలకాయకి కొమ్ము మొలిచింది?" అన్నారు. నవ్వి, గిటారుని సంచిలోకి తోసేశాను.

కోటప్పకొండ కింద ఆ జనాన్ని చూస్తే గోదావరి పుష్కరాలు గుర్తొచ్చాయి. పొలాల్లో వరసగా ప్రభలు నిలబడ్డాయి. పొద్దుగూకుతుండగా వాటి మీద బల్బులు వెలిగాయి. అంత ఎత్తు వెలుగు, ఒకటి పక్కన ఒకటి, నేను పుట్టి ఎరగను. నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. ఇంతలో అన్ని ప్రభల మీద గొట్టం మైకులూ ఒక్కసారి అందుకున్నాయి.

కోటయ్య గారు చెప్పింది అక్షరాలా నిజం. ఎడంపక్క ప్రభ మీద భక్తి పాట, కుడిపక్క సినిమా పాట, మధ్యలో మాది. గొట్టాలన్నీ ఒకదాని మీదొకటి అరుస్తున్నాయి. పాడేవాళ్ళకి వాళ్ళ గొంతే వినబడట్లేదు. గొట్టం మైకులో అడుగు స్వరం పలకదు. సుధాకర్ కీబోర్డు శబ్దమంతా ఆ గొట్టాల్లోంచే వెళ్తోంది. దాంతో అతను ఎడమచేత్తో ఎంత నొక్కినా ఏమీ బయటికి రావట్లేదు. తాళం ఎక్కడుందో తెలియక పాట తడబడింది. జనం పక్కూరి ప్రభ వైపు జరగడం మొదలెట్టారు. కోటయ్య గారు కిందనుంచి మావైపు చూసిన చూపు మర్చిపోలేను.

నా గిటారుకి వేరే స్పీకరు పెట్టె ఉంది. అది వేదిక బల్లల మీదే ఆనించి ఉంది. నాలుగు తీగల మీద వాయిస్తుంటే బల్లలు కూడా మోగి, స్వరాలు ఒకదాంట్లో ఒకటి కలిసి రొదైపోతోంది. ఇక పోయేదేముందని ఐదో తీగ కొట్టాను.

ధబ్.

బల్లలు ఒక్కసారి అదిరి ఆగాయి. బొటనవేళ్ళ నుంచి మోకాళ్ళ దాకా తెలిసింది. మళ్ళీ కొట్టాను. దెబ్బ పడటం, ఆగటం, అంతే. సాగదు, రొదలో కలవదు. ఆ అదురు వెదురు చట్రంలోంచి పైకి పాకి, ప్రభకి కట్టిన చిరుగంటలన్నీ ఘల్లుమన్నాయి. పాడే అమ్మాయి చటుక్కున నావైపు తిరిగి, నా చెయ్యి చూస్తూ తాళం అందుకుంది. మా ప్రభ ముందు విసుగ్గా నిలబడ్డ డప్పులవాళ్ళు తలలెత్తారు.

"ఎవురయ్యా పైన కొట్టేది?" అని అరిచాడు వాళ్ళల్లో పెద్దాయన.

నేను చెయ్యి ఊపాను. ఆయన డప్పు సవరించుకుని సరిగ్గా నా దెబ్బ మీద దెబ్బ వేశాడు. ఇంక చెప్పేదేముంది? నేనొకటి కొడితే వాళ్ళు రెండు. బండి చక్రాల పక్కనున్న వాళ్ళు ఎగరడం మొదలెట్టారు. ఎక్కడెక్కడి జనమో మా ప్రభ మొదట్లోకి వచ్చి, బల్లలకి అరచేతులు ఆనించి చూసి నవ్వుకుంటున్నారు. ఆ జనంలో మస్తాన్ గొంతు వినపడింది. "వార్నీషు! అది వార్నీషు మహిమ!" అని ఎవరికో చెబుతున్నాడు. కోటయ్య గారు పక్కూరి పెద్దమనిషి వైపు ఒకసారి చూసి, మీసం మీద చెయ్యి వేసుకున్నారు. నేను వేలు బొబ్బలెక్కేదాకా వాయించాను. అంత సంతోషంగా ఎన్నడూ వాయించలేదు.

పాటల మధ్య విరామంలో టీలు వచ్చాయి. వెంకటరత్నం గారు వేదిక ఎక్కారు. నా దగ్గర ఒక్క క్షణం ఆగి, వంగి, ఆ ఐదో తీగని వేలితో తడిమి చూశారు. అక్కణ్ణుంచి సుధాకర్ దగ్గరికి వెళ్ళారు.

"ఏవోయ్, రేపట్నుంచి నీ ఎడమచెయ్యి ఖాళీయే కదా. ఆ రెండో వయొలిన్ ముక్క దాంతో నేర్చుకో" అన్నారు.